కొత్తమొగ గట్టు

వీరవేణి బుట్టను గార్డు కాలితో తన్నాడు. పీతలు బురదలో చెల్లాచెదురయ్యాయి.

"రక్షిత ప్రాంతమని బోర్డు పెట్టాం. కనపడట్లేదా?"

మట్టి తవ్వే పొక్లెయిన్ సీట్లోంచి శాంతికుమార్ అంతా చూశాడు. వీరవేణి అతనికి స్వయానా మేనత్త. ఒక్కో పీతనూ ఏరుకుంటూ ఆమె ఒకసారి తలెత్తింది. అతను చూపు తిప్పుకుని లివరు లాగాడు.

చిత్తడి నేలల పరిరక్షణకు ప్రభుత్వ గ్రాంటు అని ఉంది ఆ బోర్డు మీద. మడ మొక్కలు నాటాలి, పూడిపోయిన పాయలు తవ్వి సముద్రపు పోటును లోపలికి రానివ్వాలి. గ్రాంటు వచ్చింది అందుకు. కాంట్రాక్టరు పల్లంరాజు మాత్రం, పాయ సముద్రంలో కలిసే కొత్తమొగ దగ్గర అడ్డంగా గట్టు పోయించాడు. పోటు వస్తే లోపలున్న తన రొయ్యల చెరువులకు ముప్పు. ఆ గట్టుకే రక్షణ కట్ట అని పేరు పెట్టి బిల్లు చేసుకున్నాడు. దాన్ని పోసింది శాంతికుమార్.

ఎండలు ముదిరేసరికి, పోటు నీళ్ళందక మడ చెట్లు మోడులయ్యాయి. పీతల బొరియలు వట్టిపోయాయి. వీరవేణి అతన్ని పల్లెత్తు మాట అనలేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఎప్పటిలాగే భోజనానికి పిలిచింది. పీతల కూర ఉండే ఇంట్లో ఆ రోజు చారు పోసింది.

గట్టు తీయించమని ఆఫీసుల చుట్టూ తిరిగి విసిగి, పాలెం జనం చర్చి పాకలో మీటింగు పెట్టుకున్నారు. శాంతికుమార్ లేచాడు.

"గట్టు నేనే పోశానండి. మిషన్‌తో నేనే కొట్టేస్తాను. మీరెవరూ రావద్దు. కేసు నా మీదే పడనివ్వండి."

"నీ మనసు తేలికవుద్ది. మాకేం ఒరుగుద్ది?" అంది వీరవేణి.

"అత్తా..."

"పల్లంరాజు నిన్ను లోపలేయించి, ఇంకో డ్రైవర్ని తెచ్చి మళ్ళీ పోయిస్తాడు. తప్పు నీ ఒక్కడిదే అనుకుంటున్నావేంటి? సంపూర్ణమ్మ కూలికెళ్ళి ఆ గట్టు మీద మట్టి సర్దింది. ముసలయ్య తన కొడుకుని కాపలా పనిలో పెట్టాడు. నా మేనల్లుడివని నేను నోరు మూసుకున్నాను. అందరం కలిసి పోసిన గట్టే అది. అందరం కలిసే తవ్వాలి. పారలు తీసుకురండి."

ముసలయ్య తల వంచుకున్నాడు. ముందుగా పార తెచ్చింది ఆయనే.

తెల్లారాక పాలెం మొత్తం గట్టెక్కింది. గార్డులు ఫోన్లు చేశారు. పల్లంరాజు పోలీసులతో వచ్చాడు.

"నా జీతం తిన్నావు కదరా," అన్నాడు శాంతికుమార్‌తో.

"తిన్నానండి. అందుకే తవ్వుతున్నాను."

ఎస్సై అడ్డొచ్చాడు. "ప్రభుత్వ ఆస్తి ఇది. ఆపండి."

"పాయ కూడా ప్రభుత్వానిదేగా బాబూ. అది పూడ్చినప్పుడు మీరు రాలేదేంటండి?" అని వీరవేణి పార దించింది. గట్టుకు గండి పడింది. పోటు నీళ్ళు మోడుల మధ్యకు ఉరికాయి.

శాంతికుమార్‌నీ వీరవేణినీ జీపెక్కించారు. చచ్చిన చెట్లు ఇక చిగురించవని అతనికి తెలుసు. అటువైపు చూడలేకపోయాడు.

మర్నాడు ఇద్దర్నీ నరసాపురం కోర్టు వరండాలో కూర్చోబెట్టారు. పాలెం జనంతో పాటు పక్క ఊరి ఆడవాళ్ళూ వచ్చారు. వాళ్ళలో రామతులసి అనే ఆవిడ కానిస్టేబుల్‌ని పక్కకు జరగమని, శాంతికుమార్ ముందు కూర్చుంది.

"మా పాయకీ గట్టుంది. అదీ నువ్వే పోశావంట కదా."

అతను తల దించుకున్నాడు. "ఆయ్, నేనేనండి."

"నిన్ను తిట్టడానికి రాలేదు. ఎక్కడ తవ్వితే తొందరగా తెగుద్దో చెప్పు."

అతను వీరవేణి వైపు చూశాడు. ఆమె తలూపింది.

మళ్ళీ తల దించుకునే, చెప్పడం మొదలుపెట్టాడు.