బట్టీ ప్రశ్నలు

సైన్సు టీచరమ్మ దృష్టిలో పాఠం చెప్పడమంటే నోట్సు చెప్పడమే. పిల్లలు రాసుకోవాలి, బట్టీ కొట్టాలి, పరీక్షలో పొల్లు పోకుండా దించాలి. ఏళ్ల తరబడి ఆవిడ బండి సాఫీగానే నడిచింది. అంతలో కొత్త సిలబస్ ఒకటి వచ్చి పడింది. ఇకమీదట నోట్సు చెప్పకూడదట. పిల్లలే ప్రయోగాలు చెయ్యాలట, పిల్లలే ప్రశ్నలు అడగాలట.

"సోమవారం తనిఖీకి వస్తున్నారు," అన్నారు హెడ్మాస్టరు, ఆవిడ మొహంలోకి చూడకుండా. "పిల్లలు నోరు విప్పకపోతే మీ క్లాసు ఇంకొకరికిచ్చి, మిమ్మల్ని ఆఫీసు పనిలో వెయ్యమంటారు. నా చేతుల్లో ఏం లేదు మేడం."

 పిల్లల్లేని గదిలో రోజంతా కూర్చోవడం ఊహించుకుంటేనే ఆవిడకి ఏడుపొచ్చింది. అలాగని చేతులు ముడుచుకు కూర్చునే రకం కాదు. ప్రశ్నలే కదా కావాలి, అదెంత భాగ్యం అనుకుంది. ఒక్కొక్కరికీ ఒక్కో ప్రశ్న రాయించి, వరస తప్పకుండా బట్టీ పట్టించింది. ఆశ్చర్యపోతున్నట్టు మొహం ఎలా పెట్టాలో కూడా నేర్పించింది.

"సందేహాలు కూడా బట్టీయేనా? ఇంకా నయం, దేనికెన్ని మార్కులో చెప్పలేదు," అన్నాడు వాళ్లాయన.

"మీకేం తెలుసు, ఊరుకోండి," అంది ఆవిడ.

సోమవారం రానే వచ్చింది. బల్ల మీద పళ్లెంలో నీళ్లు, మధ్యలో వెలిగించిన కొవ్వొత్తి. తనిఖీకి వచ్చిన అధికారిణి వెనక బెంచీలో కూర్చుంది, హెడ్మాస్టరు గుమ్మం దగ్గరే నిలబడ్డారు. టీచరమ్మ కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లించిందో లేదో, మొదటివాడు లేచి, "టీచర్, కొవ్వొత్తి ఎందుకు ఆరిపోయింది?" అని గడగడా అడిగేశాడు. కొవ్వొత్తి ఇంకా నిక్షేపంలా వెలుగుతోంది. అధికారిణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. టీచరమ్మకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తర్వాతి వంతు, క్లాసులో అందరూ టేప్‌రికార్డర్ అని పిలిచే అమ్మాయిది. ఒకసారి వింటే కామాలతో సహా అప్పజెప్పే పిల్ల, టీచరమ్మకి ప్రాణం. ఆ పిల్ల లేచింది. ఈలోగా ఆరిపోయిన కొవ్వొత్తి వంకా, గ్లాసులోకి ఎక్కిన నీళ్ల వంకా చూస్తోంది.

"అడగమ్మా," అంది టీచరమ్మ, ప్రాణాలు ఉగ్గబట్టుకుని.

"టీచర్, మంట ఆక్సిజన్ని వాడేసుకుంటే ఆ ఖాళీలోకి నీళ్లెక్కుతాయని రాయించారు కదా. మరి మంట వెలుగుతున్నంతసేపూ నీళ్లు కదల్లేదేం? ఆరిపోయాకే ఎక్కాయి."

ఇది ఆవిడ రాయించిన ప్రశ్న కాదు.  ఎన్నోసార్లు చేసి చూపించిన ప్రయోగమే. జవాబు ముందే తెలుసు కాబట్టి, ఏనాడూ ఆ గ్లాసు వంక సరిగ్గా చూడనే లేదు. గుమ్మం దగ్గర హెడ్మాస్టరు చెమట తుడుచుకుంటున్నారు. 'కూర్చో, తర్వాత చెప్తా' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ పిల్ల మొహంలో ఉన్న ఆశ్చర్యం ఒకరు నేర్పితే వచ్చింది కాదు.

"నాకూ తెలీదు," అంది టీచరమ్మ. "ఇంకోసారి చేద్దాం. అందరూ ఇటు రండి."

పిల్లలు పొలోమని బల్ల చుట్టూ మూగారు. రెండు కొవ్వొత్తులు పెడదామన్నాడొకడు. గాలి అంతే కదా, నీళ్లూ అంతే ఎక్కుతాయని ఇంకొకడు పందెం కాసి ఓడిపోయాడు. నీళ్లు ఈసారి ఇంకా పైకెక్కాయి. గ్లాసు అంచు దగ్గర బుడగలు రావడం తను చూశానంది టేప్‌రికార్డర్. "గాలి వేడెక్కి బయటికి పోయిందేమో టీచర్. చల్లారాక ఆ చోట్లోకి నీళ్లొచ్చాయేమో."

గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. అధికారిణి కూడా ఎప్పుడు లేచి వచ్చిందో, పిల్లల మధ్యలోంచి మెడ సాచి చూస్తోంది. టీచరమ్మకి ఎన్నడూ లేనంత సంతోషం కలిగింది.

వెళ్లబోతూ అధికారిణి హెడ్మాస్టరుతో, "ఈ క్లాసు వీరి దగ్గరే ఉంచండి," అంది. టీచరమ్మ వైపు తిరిగి, "ఆ మొదటి రకం ప్రశ్నలు మాత్రం మానేయండి మేడం," అని నవ్వింది.

అందరూ వెళ్లాక టేప్‌రికార్డర్ ఒక్కతే బల్ల దగ్గర నిలబడి ఉంది. మొహం నిండా దిగులు.

"టీచర్, మన నోట్సులో ఆక్సిజన్ అనే ఉంది. మరి పరీక్షలో ఏం రాయాలి?"

"నువ్వు చూసింది రాయమ్మా," అంది టీచరమ్మ. "దిద్దేది నేనే కదా."