బొత్తాలు జరిపిన జాకెట్

నేను ఒక షూటింగ్ జాకెట్‌ని. సినిమా షూటింగ్ కాదు, రైఫిల్ షూటింగ్. బుల్లెట్లు ఆపుతానా అని మాత్రం అడక్కండి, అందరూ అదే అడుగుతారు. నా పని మనిషిని కదలకుండా నిలబెట్టడం. దళసరి కాన్వాసు, మోచేతుల దగ్గర తోలు, ముందు వరసగా బొత్తాలు. నేలమీద పెడితే లోపల ఎవరూ లేకపోయినా నిలబడతాను. అంత బిరుసు.

నన్ను కుట్టించుకుంది బ్లెస్సీ. ఏళ్ళ తరబడి నన్ను నమ్ముకుని, వీపు వెనక్కి వంచి రైఫిల్ మోసింది. చివరికి నడుం మొరాయించింది. ఆట మానేస్తూ నన్ను, తను ఆడిన కర్నూలు షూటింగ్ రేంజ్‌లోనే నేర్చుకుంటున్న జూనియర్ ఉజ్వలకి ఇచ్చేసింది.

"ఇదే నిలబెడుతుందిలే అనుకోకే. నడుం నీదే."

"సరే అక్కా" అంది ఉజ్వల, ఫోన్‌లోంచి తలెత్తకుండా. సలహా అందినట్టు మనుషులు రసీదు ఇచ్చే పద్ధతి అదే.

పొద్దున్నే మిగతా పిల్లలు వార్మప్ చేస్తుంటే, ఈవిడ నేరుగా నన్ను తొడుక్కునేది.

"కదలకుండా నిలబడే ఆటకి ఈ గెంతులెందుకు సార్?"

"కదలకుండా నిలబడ్డానికేనమ్మా" అనేవారు కోచ్ దస్తగిరి సార్.

కొన్నాళ్ళకి నడుంనొప్పి మొదలైంది. చెప్తే సార్ ఆపేస్తారు. ఆపేస్తే రాష్ట్ర జట్టు సెలక్షన్ పోతుంది. అందుకని నన్ను టైలర్ దగ్గరికి తీసుకెళ్ళి, బొత్తాలు రెండు వేళ్ళు లోపలికి జరిపించింది. నడుం చెయ్యాల్సిన పని నాకప్పగించిందన్నమాట.

అప్పట్నుంచి ఇద్దరం ఇరుక్కుపోయాం. ఆమె పక్కటెముకలు నాకు గుచ్చుకునేవి. నా కాన్వాసు ఆమెని నొక్కేసేది. మా మధ్య చెమటకి కూడా దారి లేదు. బయట్నుంచి చూస్తే స్తంభంలా నిటారు. సార్ కూడా "భేష్" అన్నారు. నడుం దగ్గర కండ ఎగిరెగిరి పడ్డం నాకొక్కదానికే తెలుసు. నాకున్నదేమో జేబు, నోరు కాదు.

సెలక్షన్ రోజు జాకెట్లు చెక్ చేసే మేడమ్ నా అంచు పట్టుకుని లాగింది. అంగుళం కూడా రాలేదు.

"ఊపిరాడుతోందా?"

"ఆడుతోంది మేడమ్."

"నిన్ను చూస్తుంటే నాకే ఆడట్లేదు. రూల్ ప్రకారం వదులుండాలి. బొత్తాలు మార్చుకుని రా."

సార్ సూదీ దారం తెచ్చి నన్ను విప్పారు. విప్పగానే ఉజ్వల బల్ల పట్టుకుని వంగిపోయింది.

"ఎప్పట్నుంచి?"

"చలికాలం నుంచి సార్."

"చెప్పాలి కదమ్మా!"

"చెప్తే ఆపేస్తారు కదా."

సార్ సూదిలోకి దారం ఎక్కించారు. "బొత్తాలు ఇప్పుడే కుట్టేస్తా. రేపు మంచం మీంచి లేవగలవా? నువ్వే చెప్పు."

ఉజ్వల నన్ను ఒళ్ళో పెట్టుకుని ఒక బొత్తం తెంపింది. రెండోదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. లోపల ఆమె పేరు పిలిచారు.

"రావట్లేదని చెప్పండి సార్" అంది. ముక్కు తుడుచుకోడానికి నా చెయ్యే దొరికింది.

ఇప్పుడు రేంజ్‌లో మేకుకి వేలాడుతున్నాను. కింద చాప మీద ఉజ్వల, డాక్టర్ చెప్పిన ఎక్సర్‌సైజులు తిట్టుకుంటూ చేస్తుంది. తర్వాత కాసేపే, నేను లేకుండా రైఫిల్ పట్టుకుంటుంది. గుళ్ళు ఎటుపడితే అటు పోతున్నాయి.

"సార్, చిన్నపిల్లలు కూడా నవ్వుతున్నారు!"

"నవ్వనీ. నొప్పుందా?"

ఆలోచించింది. "లేదు సార్."

మళ్ళీ నన్నెప్పుడు తీస్తుందో తెలీదు. ఈ మేకు దిగే దారి నాకు లేదు. తొందరేం లేదని అబద్ధం కూడా చెప్పను. కానీ ఆమె ఊపిరి ఈ గోడదాకా వినిపిస్తోంది. నాలో ఉన్నప్పుడు ఒక్కరోజూ వినలేదు.