పప్పూ భోజనాలయం

సూరిబాబుకు పెళ్లాం వండింది తప్ప మరొకటి గొంతు దిగదు. ఈ మాట వింటే చాలు, చుట్టుపక్కల ఆడవాళ్లంతా "ఎంత అదృష్టవంతురాలివే సుభద్రా" అని బుగ్గలు నొక్కుకునేవారు. వాళ్లదేం పోయింది! తెల్లారకముందే లేచి పప్పు ఎసట్లో పోసుకునేది సుభద్ర గానీ వాళ్లు కాదు.

పోనీ, ఆ వండినదాన్నయినా బావుందంటాడా అంటే అదీ లేదు. కందిపప్పు ముద్దగా ఉడకాలి, పైన ఎండుమిరపకాయ తాలింపు పడాలి. వెల్లుల్లి పడకూడదు. జీలకర్ర కనబడకూడదు. వంకాయ గుమ్మం తొక్కకూడదు. చపాతీ తినడమంటే కడుపులో సిమెంటు పోసుకోవడమేనని అతని సిద్ధాంతం. పళ్లెం ముందు కూర్చుంటే ముందు ముక్కుతో తింటాడు. ఆ పరీక్షలో నెగ్గితేనే నోటికి పని. తినడం అయ్యాక చెయ్యి కడుక్కుని లేచిపోతాడు. రెండేళ్ల కాపురంలో "బావుంది" అన్న మాట ఒక్కసారీ ఆ నోట రాలేదు. వంక పెట్టలేదు గనక బావున్నట్టేనని సుభద్ర తనకు తనే సర్దిచెప్పుకునేది.

ఇద్దరిదీ మేనరికం. సుభద్ర పుట్టిందీ పెరిగిందీ రాయపూర్ రైల్వే క్వార్టర్లలోనే. ఇంట్లో తెలుగు, గుమ్మం దిగితే హిందీ, కూరగాయల బేరం దగ్గర ఛత్తీస్‌గఢీ. సూరిబాబుది పార్వతీపురం పక్క పల్లె. వ్యాగన్ రిపేర్ షాపులో ఉద్యోగం దొరికి వచ్చాడు, ఆ తర్వాత మేనమామ కూతుర్ని చేసుకున్నాడు. కాపురం పెట్టిన రోజునే "నాకీ బాస రాదు" అని చేతులెత్తేశాడు. దాంతో రేషను క్యూ, కిరసనాయిలు క్యూ, పాలవాడితో తగువు, కుళాయి దగ్గర యుద్ధం, అన్నీ సుభద్ర నెత్తిన పడ్డాయి. ఆవిడ గొంతు చించుకుంటూంటే అతను సంచీ పట్టుకుని, ఊరేగింపులో దేవుడిలా చిరునవ్వుతో పక్కన నిలబడేవాడు.

తొంభైల చివర్లో, ఊరి పొలిమేరలో మోవా దాటాక పెద్ద రోడ్డు మీద ఆనంద్‌లోక్ అని ఒక పార్కు వెలిసింది. సిమెంటు డైనోసారు, నీళ్ల జారుడుబండ, మనుషుల్ని కూర్చోబెట్టి గిరగిర తిప్పే టీ కప్పులు ఉన్నాయట. వాటి సంగతి వినగానే సుభద్రకు ఆశ పుట్టింది. డైనోసారు మీద కాదు. అక్కడ మూడు హోటళ్లున్నాయన్న మాట మీద.

"బావా, రేపు ఆదివారం నేను పొయ్యి ముట్టించను," అంది శనివారం. "కేరేజీ కూడా కట్టను. పార్కుకెళ్దాం, అక్కడే తిందాం. ఒక్క రోజు, బస్, అంతే."

"మరి నానేటి తింతాను?"

"నీ నోటికి పట్టేది నేను వెతుకుతాగా."

"దొరక్కపోతే?"

"దొరక్కపోతే ఇంటికొచ్చి వండుతాను," అనేసి, అన్న మరుక్షణం నాలుక కరుచుకుంది.

మొగుడి ముక్కుతో పందెం కాయకూడదని ఆవిడకి తెలియదా? తెలుసు. కానీ రెండేళ్లలో ఒక్క రోజు పొగ వాసన లేని చీర కట్టుకుని తిరగాలని ఉండదా మనిషికి? ఉంటుంది. అందుకే గులాబిరంగు చీర కట్టింది, పొయ్యి వంక చూడకుండా తలుపు తాళం వేసింది.

పార్కులో పన్నెండు దాకా బాగానే గడిచింది. ఆ తర్వాత సూరిబాబుకు ఆకలేసింది. ఆకలేస్తే అతని మీసాలు కిందికి వేలాడతాయి, మాటకు ముందు మూలుగొస్తుంది. సుభద్ర వేట మొదలుపెట్టింది.

మొదటి హోటలు ఓడ ఆకారంలో ఉంది. కెప్టెన్ టోపీ పెట్టుకున్నవాడు ఎర్రటి నూడుల్స్ పళ్లెం తెచ్చి పెట్టాడు. సూరిబాబు వంగి వాసన చూశాడు.

"వానపాములకు రంగేసి ఎట్టీసినాడే."

సుభద్ర ఒక పోగు నోట్లో వేసుకుంది. రుచిగానే ఉంది. ఆ సంగతి పైకి అంటే తనకేదో పక్షపాతం ఉందనుకుంటాడని మింగేసి ఊరుకుంది.

రెండోది గుహ. లోపల చీకటి. పులిచర్మం గుడ్డ భుజాన వేసుకుని, కింద మాత్రం బెల్టు పెట్టిన ప్యాంటు తొడుక్కున్న ఆదిమానవుడు ఒకడు ఎదురొచ్చాడు. దాల్ ఉందా అని సుభద్ర హిందీలో అడిగింది. ఉందన్నాడు. ఆవిడ ప్రాణం లేచొచ్చింది. అన్నం వచ్చింది, చిన్న బాల్చీలో పప్పు వచ్చింది. సూరిబాబు ముక్కు దాంట్లో మునిగేంత దాకా వంగాడు.

"జీలకర్ర."

"తీసేస్తాను ఉండు బావా," అని సుభద్ర ఆ చీకట్లో చెంచాతో జీలకర్ర గింజలు ఏరడం మొదలెట్టింది.

"ఏరినా లాబం లేదు. ఇది దాలు."

"దాలంటే పప్పే కదా!"

"దాలు దాలే, పప్పు పప్పే. నాను దాలు తిన్ను. అంతే."

సుభద్రకు ఒళ్లు మండింది. "మా అత్త పేరు దాలమ్మ. నిన్ను కని పెంచింది దాలమ్మే. ఆవిడ దగ్గర ఇరవయ్యేళ్లు తిన్నప్పుడు గుర్తు రాలేదా ఈ తేడా?"

"మాయమ్మ జోలికెల్లకు," అని సూరిబాబు లేచి బయటికి నడిచాడు. అతని వెనకే జీలకర్ర చెంచా చేత్తో పట్టుకునే వచ్చేసిన సుభద్ర, ఆదిమానవుడు వెంటపడితే గుమ్మం దగ్గర ఇచ్చేసింది.

మూడోది రాజస్థాన్ పల్లె. గుమ్మంలోనే తలపాగా చుట్టి నుదుట బొట్టు పెట్టబోయారు. "తిండికా, పెళ్లికా?" అని సూరిబాబు అక్కడికక్కడే వెనక్కి తిరిగాడు. వెనక్కి తిరిగి, సుభద్ర భయపడుతున్న మాట అననే అన్నాడు.

"పద ఇంటికెల్దాం. కుక్కరెట్టీసినావంటే అర్దగంటలో పప్పయిపోద్ది."

సుభద్ర గిరుక్కున తిరిగి దారి పట్టింది. మాట్లాడితే ఏడుపొస్తుంది. నగలడిగిందా? పట్టుచీర అడిగిందా? ఒక్క రోజు పొయ్యి ముట్టించనంది. ఆ ఒక్క రోజూ పూట దాటకుండానే జీలకర్ర గింజ దగ్గర చచ్చింది. గేటు వైపు నడుస్తూ మొహం పక్కకు తిప్పుకుని, దుమ్ము పడిందన్నట్టు కొంగుతో కళ్లు తుడుచుకుంది.

టెంపోలు ఆగేది వెనక గేటు దగ్గర. ఆ దారిలో, గుహ గోడకు ఆనుకుని ఒక రేకుల షెడ్డుంది. పార్కులో పనిచేసేవాళ్లు తినే చోటు. పైన నీలం రంగుతో హిందీలో బోర్డు రాసుంది. సూరిబాబు టక్కున ఆగాడు. హైస్కూల్లో నేర్చుకున్న హిందీ అక్షరాలను ఒక్కొక్కటే కూడబలుక్కున్నాడు.

"ప... ప్పూ... భో... జ... నా... లయ్. ఓసే సుభద్రా! పప్పు బోజనాలయం! పప్పు కోసరమే ఒక హోటలు కట్టీసినారు సూడు!"

సుభద్ర ఆ బోర్డు వంక చూసింది, మొగుడి వంక చూసింది. ఈ వైపు పప్పూ అన్నది మగపిల్లల ముద్దుపేరు. వీధికి పదిమంది పప్పూలు. గుమ్మంలో నిలబడి "పప్పూ" అని కేకేస్తే సగం వీధి పలుకుతుంది. ఆ ముక్క చెప్పేస్తే చాలు, తిన్నగా ఇంటికీ పొయ్యి దగ్గరికీ. సుభద్ర అంత వెర్రిది కాదు.

"అవును బావా. పప్పు హోటలే. నేను చూసుకోలేదు."

లోపల బల్లల వెనక, ఒట్టి బనీను వేసుకున్న ఒక భారీ మనిషి, ఇంతింత మీసాలతో, పెద్ద గుండిగలో గరిట తిప్పుతున్నాడు. సూరిబాబు ఎన్నడూ లేంది తనే ముందుకెళ్లి, గట్టిగా, "పప్పూ?" అని అడిగాడు.

ఆ మనిషి గరిట దించి ఆప్యాయంగా నవ్వాడు. "హాఁ భయ్యా, మైఁ హీ హూఁ!"

పప్పూని నేనే అంటున్నాడు! సుభద్ర గబుక్కున ఇద్దరి మధ్యకీ వచ్చింది.

"ఏటంతన్నాడు?"

"ఉందంటున్నాడు బావా. కూర్చో, కూర్చో."

సూరిబాబు బల్ల మీద కూర్చునే లోపు సుభద్ర గుండిగ దగ్గరికెళ్లి ఛత్తీస్‌గఢీలో గబగబా నాలుగు ముక్కలు చెప్పింది. అడుగునుంచి ముద్దగా తియ్యి అన్నా, జీలకర్ర పక్కకు తొయ్యి అన్నా, మా ఆయన ఏమడిగినా నువ్వు నవ్వు అన్నా. పప్పూ తలూపి నవ్వాడు. ఆ చివరిది అతనికి కష్టమేమీ కాదు.

అన్నం, పప్పు వచ్చాయి. సూరిబాబు ముక్కు వంచాడు. సరిగ్గా అప్పుడే కెప్టెన్ టోపీవాడు బాల్చీ ఊపుకుంటూ వచ్చి, ఆ గుండిగలోంచే పప్పు నింపుకుపోయాడు. అతను అటు వెళ్లగానే ఆదిమానవుడు ఇంకో బాల్చీతో దిగాడు. ఓడకూ గుహకూ వంట ఇక్కడిదే! సుభద్ర చటుక్కున జరిగి, గులాబిరంగు చీర కుచ్చిళ్లు పరుచుకుని, మొగుడికీ గుండిగకూ మధ్య గోడలా నిలబడింది. పళ్లెంలో జీలకర్ర గింజ ఒకటి నిక్షేపంగా పైకి తేలి కనబడుతూనే ఉంది.

సూరిబాబు ముద్ద కలిపాడు. నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకో ముద్ద కలిపాడు.

"ఇంకాస్త ఎయ్యమను."

వేశారు. అదీ అయిపోయింది. మూడోసారి వేయించుకున్నాడు. పళ్లెం తుడిచినట్టు చేసి, తేన్చి, "బావుంది," అన్నాడు.

సుభద్ర పందెం గెలిచింది. గెలిచినట్టు మాత్రం అనిపించలేదు. రెండేళ్లు. రెండు పూటలా. ఒక్కసారి ఆ మాట కోసం తను చెవులు రిక్కించి కూర్చుంటే, అది ఈ మీసాలవాడికి, బనీనుకి, ఈ రేకుల షెడ్డుకి దక్కింది. కడుపు రగిలిపోయింది ఆవిడకి.

పైగా సూరిబాబు అంతటితో ఊరుకున్నాడా! "ఎలగ సేసినాడో అడుగు. రేపట్నించి నువ్వూ ఇలగే సెయ్యాల."

అడిగింది. పళ్లు బిగించి మరీ అడిగింది. పప్పూ గరిట ఊపుతూ, "అరే దీదీ, ఇస్‌మే క్యా హై! దాల్, నమక్, హల్దీ, బస్!" అన్నాడు. పప్పు, ఉప్పు, పసుపు, అంతేనట.

"చెప్పినా రాదంట బావా," అంది సుభద్ర మొగుడి వైపు తిరిగి. "ఇంటి పొయ్యి మీద ఇది కుదరనే కుదరదంట. ఇక్కడి నీళ్లు, ఆ గుండిగ, ఆయన చెయ్యి కలిస్తేనే ఈ రుచి వస్తుందంట. ఆదివారం ఆదివారం వచ్చి తినమంటున్నాడు."

సూరిబాబు చాలాసేపు గంభీరంగా ఆలోచించి, "అలగైతే వద్దాం. ఏటి సేస్తాం మరి," అన్నాడు.

ఆ సాయంత్రం దాకా సుభద్ర టీ కప్పుల్లోంచి దిగలేదు. కడుపు రగిలితే రగిలింది, ఏడాదికి సరిపడా ఆదివారాలు చేతికొచ్చాయి. కప్పు తిరుగుతూంటే పక్కవాళ్లు తిరిగి చూసేలా నవ్వింది.

తిరుగు ప్రయాణంలో టెంపోలో ఇద్దరికీ డ్రైవరు వెనక సీటు దొరికింది. సూరిబాబు అదోలా కదులుతున్నాడు. మంచిపని చేసి ఎవరికీ చెప్పకుండా ఉండడం అతని వల్ల కాని పని.

"సుభద్రా. మా షాపులో నలుగురు పప్పూలున్నారే."

"ఊఁ," అంది సుభద్ర. తర్వాత తల తిప్పింది. "ఏమిటీ?"

"ఎల్డింగులో ఇద్దరు, పెయింటింగులో ఒకడు. నాలుగోవోడు నా పక్క బల్లే." సూరిబాబు కిసుక్కున నవ్వాడు. "ఉప్పూ పసుపూ తప్ప ఏటుంది దీంట్లో అన్నాడు ఆ మీసాలోడు. నువ్వేమో నీల్లన్నావు, గుండిగన్నావు! ఆ టోపీవోడు బాల్చీ అట్టుకొస్తే అడ్డంగా నిలబడ్డావు సూడు, నవ్వాపుకోలేక సచ్చినాను."

"మరి... ఎందుకు తిన్నావు?"

సూరిబాబు చెప్పుల వంక చూసుకున్నాడు. "గేటుకాడ నువ్వు కల్లు తుడుసుకున్నావు గదా. సూసినాను. గుహలో దాలు తిన్ను తిన్ను అన్నోడ్ని, మల్లీ తింతానంటే పరువేటవుద్ది? బోర్డు మీద పప్పని రాసుంది. తినీసినాను."

"బావుందన్నావు కూడా!"

"నీకు అనుమానం రాకుండా అన్నాను. ఒట్టి జీలకర్ర కంపు. నీ పప్పు ముందు అదెంతే?" అని, "ఆదివారం మాటంతావా, ఇచ్చినమాట ఇచ్చినట్టే. ముక్కు మూసుకుని తింతాను," అన్నాడు.

సుభద్రకు కళ్లు చెమర్చాయి. ఇంత ప్రేమ ఈ ముక్కు వెనక దాగుందని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు. టెంపోలో నలుగురూ చూస్తారన్న సిగ్గు కూడా లేకుండా మొగుడి చెయ్యి పట్టుకుంది. అలా మోవా దాకా పట్టుకునే కూర్చుంది.

మోవా దగ్గర ఆవిడకు మరో ఆలోచన వచ్చింది.

"బావా, ఆ పప్పూ మాటలన్నీ నీకు అర్థమయ్యాయా?"

"ఏటర్దం కాదేటి!" అన్నాడు సూరిబాబు రొమ్ము విరుచుకుని. "మూడేల్లనించీ ఆల్లతోనే గదా పని. హిందీలోనే తిట్టుకుంతాం."

సుభద్ర చెయ్యి వదిలేసింది. జ్వరంతో నిలబడ్డ కిరసనాయిలు క్యూ గుర్తొచ్చింది. పాలవాడు నానా మాటలూ అంటూంటే పక్కన సంచీ పట్టుకుని నిలబడ్డ చిరునవ్వు గుర్తొచ్చింది. తనేమన్నాడో సూరిబాబుకు కాస్త ఆలస్యంగా తెలిసొచ్చి, ఆకలి లేకపోయినా మీసాలు కిందికి వాలాయి.

ఊళ్లోకి రాగానే డ్రైవరు వెనక్కి తిరిగి, "కహాఁ ఉతర్‌నా హై, దీదీ?" అని సుభద్రను అడిగాడు.

సుభద్ర కొంగు సర్దుకుని బయటికి చూస్తూ కూర్చుంది.

"నిన్నే అడుగుతున్నాడు బావా, ఎక్కడ దిగాలో చెప్పు," అంది. "ఇవాళ నాకు సెలవు. రేపు రేషను షాపు దగ్గర కూడా."