ఎగువ వీధి కొస కుళాయి

కుళాయి మూతికి ఒత్తిడి కొలిచే గేజ్ బిగించి, ముల్లు వణుకు మానేదాకా ఆమె వంగి చూస్తూనే ఉంది. నీళ్ల ఆఫీసులో అందరికీ ఆమె ప్రెషరక్క. వేళ్లెప్పుడూ నీటికి నాని తెల్లగా ముడతలు పడి ఉంటాయి. చీర కుచ్చెళ్లు సాయంత్రానికి గానీ ఆరవు. గొట్టాల్లో ఒత్తిడి కనిపెట్టే సెన్సర్లు ఊరికి కొత్తగా వచ్చాయి. ఎక్కడెక్కడ పెట్టాలో తేల్చే పని ఆమెదే. ఇక ఒక్క సెన్సరే మిగిలింది.

"మార్కెట్ దగ్గర పెట్టేద్దామక్కా. అక్కడ గొట్టం పగిలితే చీవాట్లు మనకే కదా," అన్నాడు ఫిట్టర్.

"పగిలితే రోడ్డే చెబుతుంది. నీళ్లందకపోతే ఎవరు చెబుతారు? ఎగువ వీధి కొస చూసొస్తాను."

మాట సబబైనదే. గొట్టం అక్కడితో ఆఖరు, పైగా మిట్ట. ఒత్తిడి తగ్గితే ముందు ఎండేది ఆ కొసే. అయినా ఆమె మనసు మనసులో లేదు. ఆమె మొగుడు, దర్జీ, ఉంటున్నది అక్కడే. పెద్ద గొడవేమీ జరగలేదు. ఇద్దరి మధ్యా మాటలు కరువై, ఒకనాడు కుట్టుమిషను బండికెక్కించుకుని వెళ్లిపోయాడు. సెన్సరు అక్కడుంటే రోజూ పొద్దున ఆ వీధివాళ్లు నీళ్లు పట్టే వేళకు ఆఫీసు తెరమీద ఒత్తిడి గీత కాస్త కిందికి జారుతుంది. అందులో అతని బిందె ఏదో, పక్కింటి బిందె ఏదో తేలదని ఆమెకూ తెలుసు. ఆపాటి తోడైనా చాలనుకుంది. అంతలోనే, ఊరి సొమ్ముతో ఇదేం పనని సిగ్గుపడింది.

మిట్ట ఎక్కేసరికి మోకాళ్లు పట్టేశాయి. వీధి కొసనున్న ఇంటావిడ చూపించిన కుళాయికి గేజ్ బిగించింది. ముల్లు అడుగునే ఉండిపోయింది.

"ఎప్పుడూ ఇంతేనా అమ్మా నీళ్లు?"

"ఇంతే. దర్జీ ఉన్నన్నాళ్లు తెల్లారకముందే లేచి మా అందరికీ పట్టిపెట్టేవాడు. పోయిన నెల నిద్రలోనే పోయాడు పాపం. నా అన్నవాళ్లెవరూ లేనట్టుంది, మేమే సాగనంపాం. మీకు తెలిసినవాడా?"

ఆమె గేజ్ విప్పి, చెంగుతో తుడిచి, సంచిలో పెట్టుకుంది.

"నేను నీళ్ల ఆఫీసు నుంచొచ్చానమ్మా," అంది.

ఫిట్టర్‌కు ఫోన్ చేసింది. "ఆ మిగిలింది ఇక్కడే పెడదాం. రేపొచ్చి తవ్వు." గొంతు మామూలుగానే ఉంది. సిగ్గుపడడానికి ఇప్పుడిక ఏమీ మిగల్లేదు.

ఇంటావిడ గోడమీద ఆరేసిన వడపోత గుడ్డ తెచ్చి కుళాయి మూతికి కట్టింది. నాలుగంచులూ సన్నగా మడిచి, కుట్టు పైకి కనబడకుండా కుట్టిన తెల్లగుడ్డ. దాని కొస నుంచి నీళ్లు చుక్క చుక్కగా బిందెలోకి జారుతున్నాయి.