పొలిమేర అవతలి పిల్ల

బుల్లెమ్మ గదికి తాళం వేసి, లాగి చూసింది. సంచిలో ఒక జత బట్టలు, భర్త దుర్గాప్రసాద్ మందులు. తీసుకుపోవడానికి పటాన్‌చెరు నుంచి కూతురు సత్యశ్రీ ఆటో తెచ్చింది.

"వెళ్ళొస్తామండీ అన్నయ్యగారూ, రేపు వచ్చేస్తాం," అంది బుల్లెమ్మ.

అరుగు మీది ఇంటి యజమాని లింగం తల ఊపాడు.

ఆ వెళ్ళడంలో ఎవరికీ తప్పు కనిపించలేదు. భానూరు అవతల ఆ ఊళ్ళో అది బొడ్రాయి పండుగ రోజు. ఊరి నడుమ రాయిని మళ్ళీ నిలుపుతున్నారు. పొద్దు గూకగానే అన్నంలో పసుపు కలిపి ఊరి చుట్టూ పొలి చల్లుతారు. ఆ తరువాత ఎవరూ హద్దు దాటరాదు. ఊరి ఆడబిడ్డలను పిలిచి ఒడిబియ్యం పోస్తారు. బయటివాళ్ళు ముందే వెళ్ళిపోవాలి.

దుర్గాప్రసాద్ ఫ్యాక్టరీ ఉద్యోగానికి కోస్తా నుంచి వచ్చి, లింగం ఇంట్లో కిరాయికి దిగి ముప్పై ఏళ్ళు దాటింది. సత్యశ్రీ పుట్టి పెరిగింది ఆ గదిలోనే. అయినా పొద్దున చాటింపువాడు ఆ గుమ్మం ముందు ఆగి, "కిరాయోళ్ళు జల్దీ ఎల్లుర్రి!" అని అరిచి పోయాడు. అందరికీ అది మామూలు మాటే.

లింగానికి మాత్రం లోపల ఒక కోపం ఉంది. సత్యశ్రీ పిల్లల కోసం రాసిన నవల అచ్చయింది. అందులో ఉన్నది తమ బొడ్రాయి కథేనట. ఇందాక ఆమె ఆటో దిగగానే మొహం మీదే అడిగాడు.

"మా ఊరి కథ మీద నీ పేరేంది?"

"పెద్దమ్మ చెప్పింది, పెద్దబాపూ. నేను రాసిన, గంతే."

"చెప్పినామె పోయింది. ఇగ సాక్షి ఎవలు?"

సత్యశ్రీ ఒక పుస్తకం లింగం మనుమరాలు మహిత చేతిలో పెట్టి తల్లిదండ్రులతో ఆటో ఎక్కింది.

ఆటో కదలగానే మహిత అరుగెక్కి పైకి చదవసాగింది. పొలి చల్లే వేళ, తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ ఒక పిల్ల పొలిమేర దాటుతుంది. ఆమె వెనకే హద్దు మూసుకుంటుంది. నక్కలు, మాట్లాడే గుట్టలు ఆమెను అడ్డగించి, "ఈ ఊరు నీదేనా? నీదైతే లోపలి నుంచి పిలుపు రాదేం?" అని నవ్వుతాయి.

"తాతా, మేక పేరు గుజ్జి! కుడికొమ్ము ఇరిగిందంట. రొట్టె నడుమ తిని అంచులు ఇడుస్తదంట!"

లింగం చుట్ట పక్కన పెట్టి మనుమరాలి వైపు తిరిగాడు. గుజ్జి ఆయన భార్య రాజవ్వ మేక. మహిత పుట్టకముందే చచ్చిపోయింది. రాజవ్వ పోయాక ఆ పేరు ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు. ఆమె బొడ్రాయి కథ చెబుతుంటే కన్నకొడుకు టీవీ చూశాడు. ఊకొట్టింది కిరాయి గదిలోని పిల్ల ఒక్కతే.

"మరి గా పిల్ల లోపలికి ఎట్లొస్తది?" అడిగాడు లింగం.

"లోపలున్నోళ్ళు ఒక్కలన్న బిడ్డా అని పిలిస్తే హద్దు తొవ్వ ఇస్తదంట."

"పిలిచిన్రా?"

"సదవనీ తాతా!"

డప్పులు మొదలయ్యాయి. లింగం తువ్వాల భుజాన వేసుకుని పొలిమేరకు నడిచాడు.

వచ్చే ఆడబిడ్డల బండ్లతో తొవ్వ నిండిపోయింది. సత్యశ్రీ ఆటో హద్దు అవతలే చిక్కుకుని ఉంది. పొలి గంప పట్టుకున్న మల్లన్న నవ్వాడు.

"ఏందే అన్నా, నీకు ఆడబిడ్డ లేకపాయె, ఎవలకోసం ఉరికొచ్చినవ్?"

"ఉన్నది. గా ఆటోల కూసున్నది."

"గాళ్ళు కిరాయోళ్ళు గదనే! బిడ్డను గూడ కిరాయికి తెచ్చుకుంటున్నవా?"

"మన బొడ్రాయి కథ నీ పోరగాండ్లల్ల ఒక్కన్ని చెప్పమను. చెప్తే నేనే ఊరు దాటి పోత."

మల్లన్న నవ్వు ఆగింది. చెప్పగలిగినవాడు తన ఇంట్లో లేడు. గంప పక్కకు జరిపాడు. "జల్దీ కానియ్యి మరి. పొద్దు గూకుతున్నది."

లింగం గొంతెత్తాడు. "బిడ్డా, ఇంటికి రా! అమ్మను, నాయిననూ తోల్కరా!"

సత్యశ్రీ ఆటో దిగి పరుగున వచ్చింది. "పుస్తకం సదివినవా, పెద్దబాపూ?"

"ఇన్న. ఇరిగింది ఎడమ కొమ్ము. తప్పు రాసినవ్."

ఆమె కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

వాళ్ళ వెనక పొలి పడింది. లింగం కోడలు సత్యశ్రీ ఒడిలో బియ్యం పోసింది. బుల్లెమ్మ సంచి విప్పి, బట్టలు తీసి మళ్ళీ దండెం మీద వేసుకుంది. ఆ వేయడంలో ముప్పై ఏళ్ళ బరువు దిగింది.

చదువరులారా, ఊరి కథను మోసే ప్రతి ఒక్కరూ ఊరి బిడ్డే. వాళ్ళను పిలవాల్సిన బాధ్యత మాత్రం హద్దు లోపల కూర్చున్న మనదే.