అయిదో మెట్టు మీది స్వరం

ఉన్ని మఫ్లరు అడుగున పెట్టాను. దాని మీద రెండు తెల్లచొక్కాలు, పాత పేపర్లో చుట్టిన నల్లబూట్లు, గొంతుబిళ్ళలు, నిండు తేనెసీసా. అది మా నాన్న తోలుసంచి. 1941లో ఓడ ఎక్కే ముందు నాన్న దాన్ని లివర్‌పూల్‌లో తను దిగిన బసలో వదిలి వెళ్ళాడు. తర్వాత మా ఊరు లింకన్‌కు సంచి ఒక్కటే వచ్చింది, నాన్న రాలేదు. అందుకే దాన్ని తమ్ముడికి సర్దేటప్పుడల్లా నాకు భయమేస్తుంది.

ఈసారి నా భయం సముద్రం గురించి కాదు.

నా తమ్ముడు గిల్బర్ట్ కౌంటర్ టెనర్, అంటే ఆడవాళ్ళ శ్రుతిలో పాడే మగవాడు. ఆదివారం పొద్దున మా ఊరి కెథడ్రల్లో కీర్తనలు పాడేవాడు. మిగతా వారమంతా ఏదో ఒక ఊళ్ళో ఒపేరా. పాత ఇటాలియన్ ఒపేరాల్లో రాజు, కొత్తవాటిలో దయ్యం, క్రిస్మస్ నాటకాల్లో మంత్రగత్తె. ఇరవై రెండేళ్ళలో ఏ వేషమూ కాదనలేదు.

రోజూ పొద్దున్నే కిందికి దిగుతూ, గోడ బాగా మోగే అయిదో మెట్టు మీద ఆగి ఒక్క పై స్వరం పట్టేవాడు. వంటింట్లో కెటిల్ మూత సన్నగా అదిరేది. అది విన్నాకే నేను గుడ్లు పొయ్యి మీద పెట్టేదాన్ని.

తొమ్మిది రోజులుగా అడుగులు అయిదో మెట్టు మీద ఆగడం లేదు.

రిహార్సల్లో గాయకులు గొంతు దాచుకుంటారు. పై స్వరాలను కింది స్థాయిలో గొణిగి వదిలేస్తారు. ఎందుకని ఎవరూ అడగరు, అడగడం మర్యాద కాదు. గిల్బర్ట్ మూడు వారాలుగా గొణుగుతూనే ఉన్నా ఎవరికీ అనుమానం రాలేదు.

నార్మన్ పాస్క్ కారు తెచ్చాడు. కెథడ్రల్లో మంద్రస్వరం పాడే మనిషి, శుక్రవారం ఇంకో ఊరి సంగీతోత్సవంలో ఆడబోయే ఒపేరాలో మంత్రి. అందులో గిల్బర్ట్ రాజు.

"రాణిగారు ముస్తాబయ్యారా?" అంటూ నా పళ్ళెంలో టోస్టు తీసుకున్నాడు.

"నోర్మూసుకుని తినరా, బండోడా," అన్నాడు గిల్బర్ట్. మాట బాగానే ఉంది. పాడే గొంతు పోయినా మాట ఉంటుంది.

"హిల్డాగారూ, మీ తమ్ముడంత పిసినారిని నేను చూళ్ళేదండీ. మూడు వారాల్లో ఒక్క పై స్వరం బయటికి తియ్యలేదు. అంతా శుక్రవారానికే దాచాడు."

"గిల్బర్ట్, ఒక్కసారి మెట్టు మీద పట్టి వెళ్ళరా," అన్నాను.

"ఎందుకక్కా ఇప్పుడు?"

"ఊరికే. కెటిల్ మూత బెంగపెట్టుకుంది."

నార్మన్ పగలబడి నవ్వాడు. గిల్బర్ట్ వెళ్ళి అయిదో మెట్టు ఎక్కి, కమ్మీ పట్టుకుని నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. నోరు మూసి, మళ్ళీ తెరిచి, నార్మన్‌లా లావుగొంతుతో బొబ్బరించాడు.

"ఒరే ఒరే, నా కూడు కూడా లాక్కుంటావా!" అని నార్మన్ చప్పట్లు కొట్టి కారు దగ్గరికి నడిచాడు.

గుమ్మంలో తమ్ముడి చెయ్యి పట్టుకున్నాను. "ఎన్నాళ్ళయింది?"

"నీకెవరు చెప్పారు?"

"రోజూ కింద నిలబడి వింటాను కదరా."

"వినకక్కా. నీకు దణ్ణం పెడతాను, వినడం మానెయ్."

"వాళ్ళకి చెప్పెయ్. ఇంకొకర్ని పెట్టుకుంటారు."

"శుక్రవారానికి వచ్చేస్తుందే," అన్నాడు. చెయ్యి విడిపించుకుని సంచి అందుకున్నాడు.

గురువారం ఉత్సవం ఆఫీసుకు ఫోన్ చేయబోయాను. సగం అంకెలు తిప్పి పెట్టేశాను. చెప్తే అతని బతుకు ముగిసినట్టే, చెప్పకపోతే నలుగురిలో తలవంపు. ఒకవేళ నిజంగానే గొంతు వస్తే?

శుక్రవారం సాయంత్రం ఒపేరా రేడియోలో నేరుగా వచ్చింది. మొదటి అంకంలో రాజు పాటలు కిందిస్థాయిలోనే ఉన్నాయి, గడిచిపోయాయి. రెండో అంకంలో పెద్ద పాట. స్వరం పైకి లేవాల్సిన చోట ఏమీ లేదు. వాయిద్యాలు కాస్త దూరం వెళ్ళి ఆగిపోయాయి. ఎవరో దగ్గారు. నేను రేడియోను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను.

కాసేపటికి వ్యాఖ్యాత చెప్పాడు. గిల్బర్ట్ పెన్‌రోజ్ అస్వస్థులు, వేదిక పక్కన నిలబడి ఇంకొకరు పాడతారు, ఆయన అభినయం మాత్రం చేస్తారు. ఎవరికైనా గొంతు పోతే అక్కడ అలాగే చేస్తారు. ఎవరో చిన్నవాడి గొంతు, చక్కటి గొంతు, పైకి లేచింది. దాని వెనక చెక్కల మీద అడుగులు వినిపించాయి. ఎడమకాలు కాస్త బరువుగా పడే ఆ నడక నాకు తెలుసు. చివరిదాకా ఆ అడుగులే విన్నాను.

శనివారం నార్మన్ సంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. తేనెసీసా కడిగినట్టు ఖాళీగా ఉంది.

"పొద్దున చూస్తే బసలో తన గదిలో లేడు. ఒక్కసారైనా అడగాలని నాకు తట్టలేదండీ," అని టోపీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

నాకు తట్టింది. నేను అడిగాను. అదే నన్ను తినేస్తోంది.

జూన్‌లో సముద్రం అవతలి రాటర్‌డామ్ ముద్రతో ఉత్తరం వచ్చింది. "తోటపని చేస్తున్నాను, నన్ను వెతక్కు. నువ్వు కింద నిలబడి వింటుంటే ఆ మెట్లు దిగలేనక్కా." చిరునామా రాయలేదు.

నేను మెట్ల మీద మందపాటి తివాచీ పరిపించాను. ఇప్పుడు ఎవరు దిగినా వినపడదు. ఆ సంగతి అతనికి చెప్పే దారి లేదు.

గిల్బర్ట్ 1978 మే 17, బుధవారం, పొద్దున తొమ్మిదింటికి ఈ ఇంట్లోంచి వెళ్ళాడు. తిరిగి రాలేదు.