పూసలు ఆగినప్పుడు

లాంబ్రోస్ చేతిలో పూసలు ఆడుతున్నంతసేపూ ఆ ఇంట్లో అందరూ క్షేమం. ఆగాయంటే ఎవరికో ఒకరికి మూడిందన్నమాటే. ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. భార్య అర్గిరోకి తెలుసు, కూతురు దేస్పినాకి తెలుసు, మునుపు వాళ్ళింట్లో ఉండి చచ్చిపోయిన కుక్కకి తెలుసు.

జపమాల అనుకునేరు! దేవుడికీ దానికీ ఏ సంబంధమూ లేదు. కొంబొలోయి అంటారు, ఆ ఊరి మగాళ్ళందరి చేతుల్లోనూ ఉండేదే. కాఫీ కొట్టు ముందు కుర్చీలేసుకుని, దారానికి వదులుగా గుచ్చిన పూసల్ని ఒక్కొక్కటే వేలి మీంచి జార్చి టక్కుమనిపిస్తుంటారు. మనసు కుదురుకోవాలన్నా, సిగరెట్టు మానాలన్నా, పెళ్ళాం మాటలు చెవిన పడకుండా ఉండాలన్నా అదే మందు. ఆడవాళ్ళు ముట్టుకోరు. మగాళ్ళైనా ఒకరిది ఇంకొకరు అడగరు. అడిగితే పళ్ళు తోముకునే బ్రష్షు అడిగినట్టు చూస్తారు. లాంబ్రోస్‌వి తాతల నాటి అంబరు పూసలు, రాయిలా గట్టిపడ్డ చెట్టుజిగురుతో చేసినవి, తేనె రంగువి. అరచేతిలో రుద్దితే పైన్ చెట్టు జిగురు వాసన వచ్చేవి. రాతినేల మీద పడితే పగిలిపోతాయని ఇంట్లో ఎవర్నీ చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు.

కాఫీ కొట్లో అతనికి శాంతమూర్తి అని పేరు. ఎన్నికల రోజుల్లో మాటా మాటా పెరిగి కుర్చీలు గాల్లోకి లేచినా లాంబ్రోస్ మాత్రం మూల కూర్చుని పూసలు తిప్పుకుంటూ ఉండేవాడు.

"వీణ్ణి చూసి నేర్చుకోండిరా," అనేవాడు కొట్టు యజమాని పండెలిస్. ఇద్దరికీ చిన్ననాటి స్నేహం. "ఎంత కోపమొచ్చినా ఆ దారంలోకి దింపేస్తాడు. మీకేమో పెళ్ళాల మీద దింపడమే తెలుసు."

ఏం దింపేవాడు, నా మొహం! కోపమంతా భద్రంగా మూటగట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. భోజనాల బల్ల దగ్గర కూర్చునేవాడు. టక్, టక్, టక్. అర్గిరో మసూర్‌పప్పు చారు వడ్డించేది. టక్, టక్. ఒక్క చెంచా నోట్లో పెట్టుకునేవాడు. "ఎవత్తె వండిందే ఇది?" అనేవాడు మెల్లిగా, చప్పుడు ఆగిపోయేది. ఆ ఆగడానికీ దెబ్బకీ మధ్య ఒక్క ఊపిరి పట్టేంత వ్యవధి. అర్గిరో భుజాలు వాటంతటవే పైకి ముడుచుకునేవి. అతను ముందు పూసల్ని పదిలంగా బల్ల మీద పెట్టేవాడు, అవి పగలకూడదు కదా మరి. అప్పుడు కుడిచెయ్యి ఎత్తేవాడు. దేస్పినాకి ఎడమచెవి వినపడదు. చిన్నప్పుడు జ్వరమొచ్చి పోయిందని ఊరంతా అనుకుంటుంది. ఆ జ్వరానికి అయిదు వేళ్ళున్నాయని ఊరికెవరు చెప్తారు?

ఆలివ్ కాయలు దులిపే రోజుల్లో ఒక పొద్దున లాంబ్రోస్ తోటలోనే కూలిపోయాడు. పట్నం ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి కుడిపక్క పడిపోయి ఉంది. మాట పోయింది, "ఊ" అనడం ఒక్కటే మిగిలింది. ఎడమచెయ్యి ఆడుతుంది. తెలివికేమీ లోటు లేదు, కళ్ళు ఎప్పటిలాగే అన్నీ చూస్తున్నాయి. వీధి వైపు బాల్కనీ తలుపు దగ్గర కుర్చీ వేసి అందులో కూర్చోబెట్టారు.

వారానికోసారి పట్నం నుంచి ఫొతిని అనే అమ్మాయి వచ్చేది, పడిపోయిన కాళ్ళకీ చేతులకీ కసరత్తు చేయించే అమ్మాయి. మొదటిరోజే అతని కుడి అరచెయ్యి తిప్పి చూసి, వేళ్ళు నొక్కి, "చెయ్యి పూర్తిగా పోలేదమ్మా," అంది. "బొటనవేలిలో ప్రాణముంది. రోజూ పని చెప్పాలి దానికి. ఈయనకి ఏం చేయడం ఇష్టం?"

అర్గిరో ఏమీ అనకముందే ఆ పిల్ల చూపు గోడమేకుకి వేలాడుతున్న పూసల మీద పడింది.

"ఇంతకంటే మంచి వ్యాయామం నేనెక్కణ్ణించి తేనూ! కుడిచేతిలోనే పెట్టండి, ఎడమచేతికి ఇవ్వకండి, కుడిది బద్ధకిస్తుంది. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. మనసు కూడా కుదుటపడుతుంది పాపం. ఈ చలికాలం అయ్యేలోపు పట్టు దొరికిందా, చేయి వచ్చేసినట్టే. చలికాలం దాటిందా, ఇక ఆశ పెట్టుకోకండి."

"వస్తే పూర్తిగా వస్తుందా?" అంది అర్గిరో. "ముందున్నట్టే?"

"ముందున్నట్టే!" అంది ఫొతిని నవ్వుతూ. అర్గిరో ఆశతో అడిగిందనుకుంది పిచ్చిపిల్ల.

అయినా అర్గిరో చేయించింది. ప్రేమా? ఆ మాట ఆమె దగ్గర అంటే ఉమ్మేస్తుంది. జన్మంతా అతనికి చాకిరీ చేసిన చేతులు, ఇప్పుడు మాత్రం ఎందుకు మానతాయి? అతని వేళ్ళు ఒక్కొక్కటే తెరిచి, దారం మధ్యలో పెట్టి, బొటనవేలిని తన వేలితో తోసి, "ఊఁ, ఇంకొకటి. ఇంకొకటి," అంటూ పసివాడికి చెప్పినట్టు చెప్పింది. ఒకరోజు తను తోయకుండానే ఒక పూస జారింది. టక్. లాంబ్రోస్ కళ్ళలోంచి బొటబొటా నీళ్ళు కారాయి. ఏడుపు అంటువ్యాధి కాబోలు, అర్గిరో కూడా ఏడ్చింది. తర్వాత ఆ ఏడుపు తల్చుకుని తనమీద తనకే ఒళ్ళు మండింది.

మెల్లిమెల్లిగా వరసగా నాలుగైదు పూసలు జార్చగలిగాడు. అలా ఒక మధ్యాహ్నం పూసలు ఆడిస్తుంటే, అర్గిరో పక్కన కూర్చుని చారు తాగిస్తోంది. చెంచా తొణికి వేడి చారు అతని గడ్డం మీద పడింది.

చప్పుడు ఆగింది.

అర్గిరో భుజాలు పైకి ముడుచుకున్నాయి. కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి. చెంచా కిందపడి గిర్రున తిరిగింది. ఏ దెబ్బా రాలేదు, ఎక్కణ్ణించి వస్తుంది? చెయ్యి ఎత్తలేని మనిషి. కళ్ళు తెరిచి చూస్తే లాంబ్రోస్ ఆమె భుజాల కేసే చూస్తున్నాడు. నోరు ఒక పక్కనే పనిచేస్తోంది కదా, ఆ పక్కతోనే నవ్వుతున్నాడు.

ఇక అతనికి మంచి కాలక్షేపం దొరికింది. ఆమె ఇస్త్రీ చేస్తుంటే టక్, టక్, టక్. ఆపేవాడు. ఆమె ఉలిక్కిపడేది. మళ్ళీ టక్, టక్. ఆమె అతని వైపు వీపు పెట్టి కూరలు తరుగుతుంటే ఆపేవాడు, కత్తి వేలి మీద పడేది. "ఊ," అనేవాడు లోపల్లోపల నవ్వుకుంటూ. మంచంలో పడ్డా మనిషి మారడంటే ఇదే. ఎంత తిట్టుకున్నా, ఎంత గట్టిగా అనుకున్నా ఆమె ఒళ్ళు ఆమె మాట వినలేదు. చప్పుడు ఆగితే చాలు, ముడుచుకుపోయేది. ఛీ, ఏం బతుకు నాది, అనుకుంది. పడిపోయినవాడికి కూడా దడిసి చస్తున్నాను.

ఆదివారం పూట దేస్పినా పక్క ఊరి నుంచి వచ్చింది. తండ్రికి దూరంగా, తలుపుకి దగ్గరగా కూర్చుంది, వినపడే చెవి అతని వైపు పెట్టి. చిన్నప్పట్నుంచీ అలాగే కూర్చుంటుంది.

"చెయ్యి బాగా తిరుగుతోందే," అంది. సంతోషం లేదు ఆ గొంతులో.

"చలికాలం దాటకుండా పూర్తిగా వచ్చేస్తుందట," అంది అర్గిరో.

లాంబ్రోస్ కూతురి వంకే చూస్తూ పూసలు జారుస్తున్నాడు. టక్, టక్. ఆపాడు.

దేస్పినా రెండు చేతులూ తలమీదికి వెళ్ళిపోయాయి. ఒళ్ళోని పళ్ళెం పడి ముక్కలైంది. జుట్టు సగం నెరిసిన ఆడది, ఇద్దరు పిల్లల తల్లి, చెవులు మూసుకుని కుర్చీలో ఒదిగిపోయింది. "ఊ, ఊ, ఊ," అని నవ్వాడు లాంబ్రోస్.

"అమ్మా," అంది దేస్పినా ముక్కలు ఏరుకుంటూ, తలెత్తకుండా. "ఆ చెయ్యి తిరిగొస్తే నేనిక రాను. నీ చావుకి కూడా రాను. చెప్పలేదనుకోకు."

కూతురు వెళ్ళిపోయాక అర్గిరో వీధి తలుపు గడియ పెట్టి వచ్చింది. అతని ఎదురుగా ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంది. చెయ్యి చాచి అతని వేళ్ళ మధ్యనుంచి పూసలు తీసుకుంది. ఆ బొటనవేలు పట్టుకోవాలని చూసింది పాపం, బలం చాలలేదు.

"ఇక చాల్లేవయ్యా," అంది. "నా వంతు."

ముందు దారం చిక్కుపడింది, పూసలన్నీ ఒకేసారి జారిపోయాయి. ఎన్నేళ్ళ నుంచి చూస్తోంది, రాకుండా ఉంటుందా? కాసేపటికి వేలికి పట్టు దొరికింది. టక్, టక్, టక్. వెచ్చటి పూసలు. ఆ జిగురు వాసన ఎప్పుడొచ్చినా మొహం తిప్పుకునేది, ఇప్పుడు తిప్పుకోలేదు. ఊపిరి నెమ్మదించింది. గుండెలో ఎప్పుడూ కొట్టుకుంటూ ఉండే ఆ దడ ఏదో తగ్గింది. ఓహో, ఇదా సంగతి, అనుకుంది అర్గిరో. ఇంత హాయిగా ఉంటుందా ఇది! ఇంత హాయి చేతిలో పెట్టుకుని కూడా ఈ మనిషి మమ్మల్ని కొట్టాడా!

ఆపింది.

పూసల్ని పదిలంగా బల్ల మీద పెట్టింది, అతను పెట్టేటట్టే. లేచి అతని ముందు నిలబడింది.

లాంబ్రోస్‌కి నవ్వు పోయింది. ఆమె మొహం కేసి చూశాడు, ఆమె కుడిచేతి కేసి చూశాడు. ఒక్క ఊపిరి. అతని భుజం, పనిచేసే భుజం, మెడ దాకా ముడుచుకుంది. ఎడమచెయ్యి లేచి మొహానికి అడ్డం వచ్చింది.

ఆమె కొట్టలేదు. ఒక్కనాడూ కొట్టలేదు. అతని గడ్డానికి కారిన ఉమ్మి తుడిచి, దుప్పటి సర్ది, మళ్ళీ కూర్చుని పూసలు అందుకుంది. ఆమెకి ఎంత సుఖంగా ఉందంటే, ఆ సుఖానికి సిగ్గుపడాలని కూడా తోచలేదు.

ఆ రోజు నుంచి పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు, ఫొతిని చెప్పిన వేళలకే అర్గిరో పూసలు తిప్పింది. మధ్యలో ఎప్పుడు ఆపుతుందో అతనికి తెలియనిచ్చేది కాదు.

"ఇదేంటమ్మా, వచ్చిన పట్టు కూడా పోతోందే?" అని ఫొతిని దిగులుపడింది. "పూసలు ఇస్తున్నారా?"

"ఇవ్వకేం తల్లీ, విసిరేస్తున్నారు. పగులుతాయని నేనే దాస్తున్నాను."

లాంబ్రోస్ ఎడమచెయ్యి ఊపుతూ "ఊ! ఊ!" అని అరిచాడు. కళ్ళనీళ్ళు ధారగా కారాయి.

"తప్పు తాతా, ఏడవకూడదు," అంది ఫొతిని అతని తల నిమురుతూ. "ఆమె మిమ్మల్ని పువ్వులా చూసుకుంటుంటే మీరిలా మొండికేస్తే ఎలా?"

బాల్కనీ కిందే పండెలిస్ కాఫీ కొట్టు. తలుపు తీసి ఉంటే పూసల చప్పుడు వీధిలోకి చక్కగా వినపడేది. పూసలు ఆడుతున్నాయంటే మగాడి చెయ్యే అయి ఉంటుందన్నది ఆ ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు.

"విన్నార్రా!" అని అరిచాడు పండెలిస్. "మావాడి చెయ్యి వచ్చేసింది! చెల్లెమ్మా, ఎప్పుడు పంపిస్తావ్ వీణ్ణి కిందికి?"

"వస్తాడన్నయ్యా, తొందరేం ఉంది," అంది అర్గిరో పైనుంచి. కొట్లో అందరూ ఉజో సారా గ్లాసులెత్తి లాంబ్రోస్ పేరు చెప్పుకుని తాగారు.

చలికాలం పోయింది. బాదం పూలు పూసి రాలాయి. కుడిచేతి వేళ్ళు లోపలికి ముడుచుకుని బిగుసుకుపోయాయి. ఫొతిని తలొంచుకుని, ఇక తను రావడం దండగని చెప్పి వెళ్ళిపోయింది. ఈస్టరు నాడు దేస్పినా పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. లోపలికొచ్చి, తండ్రి పక్కనే ఉన్న కుర్చీలో కూర్చుంది.

ఆ సాయంత్రమే పండెలిస్ పండక్కి ఉడికించి ఎర్రరంగు వేసిన గుడ్లు పట్టుకుని మెట్లెక్కాడు. అడుగుల చప్పుడు వినగానే అర్గిరో పూసల్ని లాంబ్రోస్ ఒళ్ళో పడేసింది.

"క్రీస్తు లేచాడురా!" అంటూ పండెలిస్ ఒక గుడ్డు స్నేహితుడి కుడిచేతిలో పెట్టబోయాడు, ఎవరి గుడ్డు ముందు పగులుతుందోనని పందెం కట్టి ఒకదానితో ఒకటి కొట్టుకోవడానికి. గుడ్డు జారి నేలమీద పడింది. "ఓరి నీ! ఇంతసేపూ పూసలు దంచావు, గుడ్డు పట్టుకోలేవూ?"

"పొద్దుట్నుంచీ ఆడుతూనే ఉన్నాడన్నయ్యా," అంది అర్గిరో. "అలిసిపోయాడు."

లాంబ్రోస్ ఎడమచెయ్యి లేచింది. ఆమె వైపు వేలు చూపించి, పూసలు చూపించి, మళ్ళీ ఆమెను చూపించి, "ఊ! ఊ! ఊ!" అన్నాడు. దేస్పినా అతని పక్కనే కూర్చుని ఆరెంజి వొలుచుకుంటోంది.

పండెలిస్‌కి కళ్ళు చెమర్చాయి. "చూశావా చెల్లెమ్మా, నిన్నే చూపిస్తున్నాడు. అంతా నీ చలవే అంటున్నాడు." స్నేహితుడి నుదుటి మీద ముద్దుపెట్టుకున్నాడు. "నాకు తెలుసురా. ఊరంతటికీ తెలుసు. మహాతల్లి దొరికింది నీకు."

అతను కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగి వెళ్ళాడు. అర్గిరో పూసలు అందుకుని కుర్చీలో కూర్చుంది. టక్, టక్, టక్. కింద కొట్లోంచి ఎవరో చప్పట్లు కొట్టారు.

ఆమె ఆపింది. లాంబ్రోస్ ఎడమచేత్తో మొహం కప్పుకున్నాడు.